రెండో ప్రపంచ యుద్ధం: మలుపులు, ఆ తర్వాతి పరిణామాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ పోరాటాన్ని 'మలుపు' అనాలి? ఒక్కో పుస్తకంలో ఒక్కో జాబితా ఉందేం?

గెలుపు ఎంత పెద్దదన్నది ఇక్కడ లెక్కకు రాదు. ఓడిన పక్షం తను పోగొట్టుకున్నదాన్ని మళ్లీ సంపాదించుకోగలిగిందా అన్నదే చూడాలి. 1941 డిసెంబరులో జపాన్ దాడి చేసినప్పుడు హవాయి దీవుల్లోని పెర్ల్ హార్బర్ రేవులో అమెరికా భారీ యుద్ధనౌకలు (బ్యాటిల్‌షిప్‌లు) 8 ఉంటే ఎనిమిదింటికీ దెబ్బ తగిలింది. వాటిలో 6 మరమ్మతై తిరిగి యుద్ధంలోకి వచ్చాయి. ఆరు నెలల తర్వాత పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి దగ్గర జపాన్ 4 విమానవాహక నౌకలు పోగొట్టుకుంది. వాటి లోటు చివరిదాకా తీరలేదు. మొదటిది ఎంత భారీ దెబ్బయినా ఓటమి కాలేదు, రెండోదే మలుపు. ఈ పేజీలో ప్రతి పోరాటాన్నీ అలాగే తూచాం. అందుకే తుపాకులకన్నా ఓడలు, రైళ్లు, ఇంధనం, తిండిగింజల ప్రస్తావనే ఎక్కువ కనిపిస్తుంది.

యుద్ధం మొదలైంది 1939లోనా, 1937లోనా?

ఐరోపాకు 1939 సెప్టెంబరు 1, జర్మనీ పోలండ్ మీద పడిన రోజు. చైనాకు 1937 జులై 7, బీజింగ్ దగ్గర మార్కోపోలో వంతెన ఘర్షణ జరిగిన రోజు. పరీక్షలో మొదటిదే రాయండి. ఆసియా వైపు కథ అర్థం కావాలంటే రెండోదీ గుర్తుంచుకోండి. భారత్‌ను వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులెవరినీ అడగకుండా 1939 సెప్టెంబరు 3న యుద్ధంలోకి దించాడు. దానికి నిరసనగానే మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెస్ ప్రభుత్వాలు రాజీనామా చేశాయి.

మాస్కో ముందు జర్మన్లు ఆగిపోయింది చలి వల్లేనా?

చలి చివరి దెబ్బ మాత్రమే. అంతకు చాలా ముందే రైలు పట్టాల దగ్గర చిక్కు మొదలైంది. సోవియట్ పట్టాల మధ్య దూరం 1,524 మిల్లీమీటర్లు, జర్మనీవి 1,435. తేడా 89 మిల్లీమీటర్లే, కానీ జర్మన్ బండి ఆ పట్టాల మీద నడవదు. ఒక పట్టాను లోపలికి జరిపి బిగిస్తే సరిపోతుంది, ఆ పని జర్మన్ రైల్వే దళాలు చేస్తూనే పోయాయి. ఆ తర్వాతే అసలు బాధలు. సోవియట్ ఇంజన్లు పెద్దవి కాబట్టి నీళ్లు పట్టుకునే స్టేషన్లు దూరదూరంగా ఉండేవి, చిన్న జర్మన్ ఇంజన్లకు ఆ దూరం సరిపడలేదు. జర్మన్ ఇంజన్ల నీటి గొట్టాలు బాయిలరుకు బయట ఉండటంతో గడ్డకట్టి పగిలాయి.

పట్టాలు ముగిసిన చోటి నుంచి లారీలు, గుర్రాలే దిక్కు. దాడికి 6 లక్షలకు పైగా గుర్రాలను తీసుకెళ్లారు. అక్టోబరు వానలకు మట్టి రోడ్లు బురదగుంటలయ్యాయి. వచ్చే కొద్ది రైళ్లలో మందుగుండు ఎక్కించాలా, చలి దుస్తులు ఎక్కించాలా అంటే మందుగుండే ఎక్కింది. దుస్తుల్లో చాలా భాగం వెనక పోలండ్‌లోనే ఉండిపోయింది. 1941 డిసెంబరు 5న సోవియట్ ఎదురుదాడి మొదలయ్యేనాటికి ముందు వరుసలోని జర్మన్ సైన్యం అప్పటికే సగం డస్సిపోయి ఉంది.

మొత్తం యుద్ధంలో అతి కీలకమైన ఒక్క వారం చెప్పమంటే?

1941 డిసెంబరు 5 నుంచి 11 వరకు. 5న మాస్కో ఎదురుదాడి, 7న పెర్ల్ హార్బర్, 11న అమెరికా మీద హిట్లర్ యుద్ధప్రకటన. చివరిదాన్ని చాలామంది దాటేస్తారు. జపాన్‌తో ఉన్న ఒప్పందం ప్రకారం, జపాన్ మీద ఎవరైనా దాడిచేస్తేనే జర్మనీ సాయానికి రావాలి. దాడి చేసింది జపానే కాబట్టి జర్మనీకి ఆ బాధ్యతే లేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద పారిశ్రామిక దేశాన్ని హిట్లర్ తనంతట తానే నెత్తిన పెట్టుకున్నాడు.

జపాన్ అసలు అమెరికా జోలికి ఎందుకు వెళ్లింది?

చమురు కోసం. జపాన్ వాడే చమురులో అధికభాగం అమెరికా నుంచే వచ్చేది. జపాన్ దక్షిణ ఇండోచైనాలోకి సైన్యాన్ని దింపాక, 1941 ఆగస్టు నాటికి అమెరికా దాన్ని ఆపేసింది. నిల్వలు అయిపోయేలోగా డచ్చి వారి ఈస్టిండీస్ (ఇప్పటి ఇండోనేషియా) చమురు బావులు పట్టుకోవాలి, పట్టుకునేలోగా అమెరికా నౌకాదళం అడ్డురాకూడదు. పథకం ఇంతే. విడ్డూరమేమంటే, పెర్ల్ హార్బర్‌లో రేవు పక్కనే ఉన్న ఇంధన ట్యాంకుల మీద ఒక్క బాంబూ వేయలేదు. అవి తగలబడి ఉంటే మిగిలిన ఓడలు కూడా నెలల తరబడి కదిలేవి కావు.

విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయంటారు. నిజమేనా?

నిజం. 1942 ఏప్రిల్ 6న పడ్డాయి. ఆ వారంలో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి రెండు దండులుగా వచ్చింది. పెద్దది నగుమో నాయకత్వంలో ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేసింది. చిన్నది ఒజావా నాయకత్వంలో బంగాళాఖాతంలో సరుకు ఓడలను వేటాడింది. ఆ దండులోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలే విశాఖ, కాకినాడల మీదకు వచ్చాయి. ఆస్తినష్టం తక్కువే. భయం మాత్రం కోస్తా అంతటా పాకింది, జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు తరలిపోయారు.

ఆ ర్యూజో అదే ఏడాది ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర మునిగింది. కొలంబో మీదకు వచ్చిన ఐదు వాహకనౌకల్లో అకాగి, సోర్యూ, హిర్యూలకు అంత ఆయుష్షు కూడా లేదు. అవి రెండు నెలలకే మిడ్‌వే దగ్గర మునిగాయి.

మిడ్‌వేలో అమెరికా గెలిచింది అదృష్టం వల్లా, సంకేతాలు ఛేదించడం వల్లా?

రెండూ ఉన్నాయి, కానీ మొదట వచ్చింది సంకేతాల పనే. జపాన్ నౌకాదళ సందేశాల్లో 'ఏఎఫ్' అనే చోటు మీద దాడి జరగబోతోందని తెలిసింది. ఆ 'ఏఎఫ్' ఎక్కడ? మిడ్‌వే అని అనుమానం. తమ మంచినీటి యంత్రం చెడిపోయిందని ఏ సంకేతమూ వాడకుండా మామూలు భాషలో రేడియో సందేశం పంపమని మిడ్‌వే స్థావరానికి చెప్పారు. కొద్ది రోజుల్లోనే 'ఏఎఫ్‌లో నీటి కొరత' అన్న జపాన్ సందేశం దొరికింది. అలా అనుమానం తీరింది.

రెండోది మరమ్మతు. కోరల్ సముద్రంలో దెబ్బతిన్న యార్క్‌టౌన్ నౌకను పెర్ల్ హార్బర్‌లో సుమారు మూడు రోజుల్లో యుద్ధానికి పనికొచ్చేలా చేశారు. అదృష్టం పాలు దీని తర్వాతే వస్తుంది. జూన్ 4 ఉదయం అమెరికా టార్పెడో విమానాలు తగిన రక్షణ లేకుండా వెళ్లి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వాటి వెంటపడి జపాన్ ఫైటర్లు కిందికి దిగిన వేళ డైవ్ బాంబర్లు పైనుంచి వచ్చాయి. కొద్ది నిమిషాల్లోనే అకాగి, కాగా, సోర్యూ అంటుకున్నాయి, మధ్యాహ్నం హిర్యూ వంతు వచ్చింది. జపాన్ డెక్కుల మీద విమానాలన్నీ ఎగరడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాయన్న కథ తప్పు. అవి చాలావరకు కింది అంతస్తులో, ఇంధనంతో, బాంబులతో ఉన్నాయి. నాలుగు వైపులా మూసి ఉన్న ఆ గదుల్లో నిప్పు పడితే ఆర్పే దారే లేకపోయింది.

రంగూన్ పతనానికీ బెంగాల్ కరువుకీ సంబంధం ఉందా?

ఉంది, కానీ అదొక్కటే కారణం కాదు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోవడంతో బర్మా బియ్యం ఆగింది. జపాన్ చేతికి దొరక్కూడదని బెంగాల్ తీరంలో పడవలను, ధాన్యాన్ని ప్రభుత్వమే తీసేసుకుంది. అక్టోబరులో మేదినీపూర్ వైపు తుపాను పంటను దెబ్బతీసింది. యుద్ధఖర్చుకు నోట్లు అచ్చువేయడంతో ధరలు కూలీలకు అందకుండా పోయాయి. బయటి నుంచి ధాన్యం తేవడానికి ఓడలు కేటాయించమన్న అభ్యర్థనలను లండన్ చాలావరకు తోసిపుచ్చింది. 1943లో మొదలైన చావులు 30 లక్షల దాకా ఉంటాయని అంచనా.

రంగూన్ ప్రస్తావన వస్తే తెలుగువాళ్లను మరవలేం. అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీలను బర్మీయులు కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అనేవారు. 1942లో బర్మా నుంచి పారిపోయిన లక్షలాది భారతీయుల్లో వాళ్లూ ఉన్నారు. కొందరు అక్యాబు మీదుగా చిట్టగాంగ్ వైపు, కొందరు తమూ మీదుగా మణిపూర్ వైపు నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి వేలాదిమందిని తీసుకుపోయాయి.

స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సైన్యాన్ని విమానాలతో ఎందుకు బతికించలేకపోయారు?

1942 నవంబరు 19న సోవియట్ దాడి జర్మన్ల మీద కాక, వాళ్లకు రెండు పక్కలా కాపలా ఉన్న రొమేనియా సైన్యాల మీద మొదలైంది. వాళ్ల దగ్గర టాంకులను ఆపే ఫిరంగులు బాగా తక్కువ. నాలుగు రోజుల్లో కలాచ్ దగ్గర వలయం మూసుకుంది. లోపల రెండున్నర లక్షలకు పైగా సైనికులు చిక్కారు. ఆకాశమార్గాన సరఫరా చేస్తానని జర్మన్ వాయుసేనాధిపతి గోరింగ్ మాటిచ్చాడు.

అంకెలు చూడండి. బొటాబొటిగా బతకడానికే రోజుకు 300 టన్నులు కావాలి. యుంకర్స్-52 విమానం మోసేది సుమారు 2 టన్నులు. అంటే రోజుకు 150 విమానాలు దిగాలి. శీతకాలంలో పగలు కొద్ది గంటలే, పైగా మంచు తుపాన్లు, గడ్డకట్టే ఇంజన్లు, దారి పొడవునా శత్రు ఫైటర్లు. వాస్తవంగా చేరింది సగటున వంద టన్నుల చుట్టుపక్కలే. డిసెంబరు 24న బయలుదేరే స్థావరమైన తాత్సిన్‌స్కయా మీదికే సోవియట్ టాంకులు వచ్చాయి. జనవరి 16న లోపల ప్రధాన రన్‌వే పితోమ్నిక్ పోయింది. ఆ తర్వాత మూటలు పారాచూట్లతో విసిరారు, చాలావరకు మంచులో కలిసిపోయాయి. మొత్తంమీద దాదాపు 490 రవాణా విమానాలు పోయాయి.

1943 ఫిబ్రవరి 2న ఆఖరి దళం లొంగింది. సుమారు 91 వేలమంది ఖైదీలు కాగా, స్వదేశం తిరిగి చేరింది ఐదారు వేలమందే.

అట్లాంటిక్ పోరు గురించి సినిమాల్లో తప్ప చదవలేదు. అది మలుపేనా?

మా లెక్కలో అన్నిటికంటే పెద్దది అదే, మిగతావాటికి అదే ఆధారం. బ్రిటన్‌కు తిండి, చమురు, ఆ తర్వాత ఫ్రాన్స్ తీరంలోని నార్మండీకి వెళ్లాల్సిన ప్రతి అమెరికా సైనికుడూ ఆ సముద్రం దాటాల్సిందే. 1942లో జర్మన్ జలాంతర్గాములు సందేశాలను రహస్య సంకేతాల్లోకి మార్చడానికి వాడే ఎనిగ్మా యంత్రానికి నాలుగో చక్రం చేరడంతో, వాటిని ఛేదించే బ్రిటిష్ కేంద్రం బ్లెచ్లీ పార్కుకు పది నెలలు చూపు పోయినట్లయింది. అక్టోబరు 30న మధ్యధరాలో యు-559 మునిగిపోతుండగా బ్రిటిష్ నావికులు లోపలికి దిగి సంకేత పుస్తకాలు బయటికి తెచ్చారు. వాళ్లలో ఇద్దరు పడవతోపాటే మునిగిపోయారు. డిసెంబరుకల్లా సంకేతాలు మళ్లీ విడిపోసాగాయి.

1943 మేలో నడిసంద్రం దాకా ఎగిరే లిబరేటర్ విమానాలు, చిన్న తరంగదైర్ఘ్యపు రాడారు, రేడియో దిక్కు పట్టే యంత్రాలు, చిన్న కాపలా వాహకనౌకలు అన్నీ ఒక్కసారి అక్కరకొచ్చాయి. ఆ ఒక్క నెలలో జర్మనీ 41 జలాంతర్గాములు పోగొట్టుకుంది. 24న జర్మన్ నౌకాదళాధిపతి డోనిట్జ్ వాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిచాడు. ఇటు అమెరికా లిబర్టీ అనే సరుకు ఓడలు 2,710 కట్టింది. ముక్కలు ముక్కలుగా వేరేచోట చేసి రేవులో వెల్డింగుతో అతికించేవారు. సగటున ఆరు వారాలకు ఒక ఓడ దిగేది. హడావిడి వెల్డింగులో, చల్లని నీళ్లలో పెళుసుబారిన ఉక్కుతో కొన్ని ఓడలు నడిమికి విరిగాయి కూడా. అయినా మునిగేవాటికంటే కొత్తగా దిగేవే ఎక్కువయ్యాయి.

కుర్స్క్?

రష్యాలోని ఈ ఊరి చుట్టూ పోరు 1943 జులై 5న మొదలైంది. జర్మనీ తూర్పున పెద్దఎత్తున చేసిన చివరి దాడి. ఎక్కడ దాడి జరుగుతుందో సోవియట్‌కు ముందే తెలిసి, వరుస వెనక వరుసగా కందకాలు, మందుపాతరలతో కాచుకుంది. టాంకుల నష్టం సోవియట్‌కే ఎక్కువ, కానీ దాన్ని పూడ్చుకునే ఫ్యాక్టరీలు ఉన్నది కూడా దానికే.

మిత్రరాజ్యాలు నార్మండీ తీరంలో దిగడానికి జూన్ 6నే ఎందుకు ఎంచుకున్నాయి?

పారాచూట్ దళాలకు వెన్నెల కావాలి. తీరంలో పాతిన అడ్డంకులు కనబడేలా తెల్లవారుజామున ఆటు ఉండాలి. ఈ రెండూ కలిసే రోజులు నెలలో కొద్దే. 1944 జూన్ 5 అనుకున్నది తుపాను వల్ల ఒక రోజు వాయిదా పడింది. ఇంకా ఆగితే మళ్లీ జూన్ మూడో వారమే. అప్పుడేమయిందో చెప్పాలి. 19న వచ్చిన గాలివాన తీరంలో అమర్చిన రెండు కృత్రిమ రేవుల్లో అమెరికన్లదాన్ని పిప్పి చేసింది.

మొదటి రోజు సుమారు 1.56 లక్షలమంది దిగారు. దిగడం ఒక ఎత్తు, ముందుకు నడవడం ఇంకో ఎత్తు. ఆగస్టు చివరికల్లా పెట్రోలు అందక టాంకులు ఆగాయి. ఆంట్‌వెర్ప్ రేవును సెప్టెంబరు 4న చెక్కుచెదరకుండా పట్టుకున్నా, సముద్రం నుంచి దానికి వెళ్లే షెల్ట్ నదీముఖం జర్మన్ల చేతిలోనే ఉంది. మొదటి సరుకు ఓడల బారు చేరేసరికి నవంబరు 28. అప్పటి సేనానుల తప్పుల్లో దీన్నే మేం మొదట లెక్కపెడతాం.

అదే జూన్‌లో తూర్పున 'బగ్రేషన్' అనే పేరుతో సోవియట్ దాడి మొదలై బెలారుస్‌లో జర్మన్ సైన్యపు నడుము విరిచింది. నార్మండీ గురించి పది పేజీలు రాసి దీనికి ఒక వాక్యం కూడా ఇవ్వని పుస్తకాన్ని పక్కన పెట్టేయవచ్చు. ఆ దాడిలో సోవియట్ పదాతిని మోసినవాటిలో అమెరికా ట్రక్కులూ చాలా ఉన్నాయి.

కోహిమా–ఇంఫాల్ ఓటమికి కారణం ఆజాద్ హింద్ ఫౌజ్ బలహీనతా?

కాదు. పథకమే ఆకలితో మొదలైంది. 1944 మార్చిలో జపాన్ సేనాని ముటగుచి తన మూడు డివిజన్లను సుమారు మూడు వారాల తిండితో చింద్విన్ నది దాటించాడు. ఆలోగా ఇంఫాల్‌లోని బ్రిటిష్ గోదాములు చేజిక్కుతాయని లెక్క. వెంట తోలుకొచ్చిన పశువుల్లో చాలా భాగం నదిలో, కొండదారుల్లో పోయింది. ఇంఫాల్ చుట్టూ దారులు మూసుకున్నా విమానాలు ఆగలేదు. బర్మా తీరంలోని అరకాన్‌లో ఉన్న 5వ భారత డివిజన్‌ను విమానాల్లోనే ఇటు తరలించారు. కోహిమాలో డిప్యూటీ కమిషనర్ టెన్నిస్ మైదానానికి అటూ ఇటూ వారాలపాటు చేతిబాంబుల దూరంలో పోరు సాగింది. తిండి పంపడం లేదని సాటో అనే డివిజన్ కమాండరు పైవాళ్ల మాట కాదని సైన్యాన్ని వెనక్కి నడిపించాడు. జూన్ 22న కోహిమా–ఇంఫాల్ రోడ్డు తెరుచుకుంది. జపాన్ నష్టం 50 వేలు దాటింది. చనిపోయినవాళ్లలో చాలామందిని చంపింది ఆకలి, మలేరియా, విరేచనాలే.

అణుబాంబులే జపాన్‌ను లొంగదీశాయా?

ఇది ఇప్పటికీ తెగని వాదన. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 8న జపాన్ మీద సోవియట్ యుద్ధప్రకటన, 9న తెల్లవారకముందే మంచూరియాలోకి సోవియట్ సైన్యం, అదే ఉదయం నాగసాకి. 15న చక్రవర్తి రేడియో ప్రసంగం. సోవియట్ మధ్యవర్తిత్వం మీద పెట్టుకున్న ఆశ, బాంబును తట్టుకోగలమన్న ఆశ ఒకే మూడు రోజుల్లో పోయాయి. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. నాగసాకి అసలు గురి కాదన్నది మాత్రం ఖాయం. కోకురా మీద మబ్బు, పొగ కమ్మి గురి కనబడక విమానం ఇటు తిరిగింది. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో సుమారు 1.4 లక్షలు, నాగసాకిలో 70 వేలకు పైగా చనిపోయారని అంచనా.

విజయదినం మే 8నా, 9నా?

రెండూ. జర్మనీ లొంగుబాటు పత్రం మీద మే 7న ఫ్రాన్స్‌లోని రైమ్స్‌లో ఒకసారి, 8 అర్ధరాత్రి బెర్లిన్‌లో మరోసారి సంతకాలయ్యాయి. అప్పటికి మాస్కోలో 9 వచ్చేసింది.

న్యూరెంబర్గ్, టోక్యో విచారణల్లో తేడా ఏమిటి?

న్యూరెంబర్గ్‌లో నాలుగు దేశాల న్యాయమూర్తులు 22 మంది నాజీ నాయకులపై తీర్పు చెప్పారు: 12 మరణశిక్షలు, 7 జైలుశిక్షలు, 3 విడుదలలు. జపాన్ నాయకులను విచారించిన టోక్యోలో 11 దేశాల న్యాయమూర్తులు కూర్చున్నారు. భారత్ నుంచి వెళ్లిన రాధాబినోద్ పాల్ నిందితులెవరూ దోషులు కారని ఒక్కడే విడిగా తీర్పు రాశాడు. జపాన్ అకృత్యాలు జరగలేదని ఆయన అనలేదు. యుద్ధం తర్వాత పుట్టిన చట్టంతో వెనకటి పనులను శిక్షించడం చెల్లదన్నది ఆయన ప్రధాన వాదన. ఈ తేడా గమనించకుండా ఆయన్ను ఉటంకించేవాళ్లే ఎక్కువ.

మార్షల్ ప్లాన్ డబ్బు చేతికి ఎలా అందేది?

యుద్ధంలో దెబ్బతిన్న ఐరోపాను నిలబెట్టడానికి అమెరికా ఇచ్చిన సాయం ఇది. చాలావరకు నగదుగా అందలేదు. ఫ్రాన్స్‌లో ఒక మిల్లుకు అమెరికా పత్తి కావాలనుకోండి. అమెరికా రైతుకు డాలర్లు అమెరికా ప్రభుత్వమే చెల్లిస్తుంది. మిల్లు ఆ ధరను ఫ్రాంకుల్లో తన ప్రభుత్వానికి కడుతుంది. ఆ ఫ్రాంకులు ప్రత్యేక ఖాతాలో పడతాయి. వాటిని రైల్వేలు, విద్యుత్తు, గనులవంటి వాటికి అమెరికా సమ్మతితో వాడాలి. ఒకే డాలరు రెండుసార్లు పనిచేస్తుందన్నమాట. నాలుగేళ్లలో 1,300 కోట్ల డాలర్ల సాయం వెళ్లింది. అతి పెద్ద వాటా జర్మనీదని అనుకుంటారు, నిజానికి బ్రిటన్‌ది.

స్టాలిన్‌గ్రాడ్‌లో విఫలమైన పని బెర్లిన్‌లో ఎలా సాధ్యమైంది?

1948 జూన్ 24న సోవియట్ పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు మూసేసింది. దాంతో అమెరికా, బ్రిటన్ విమానాల్లోనే సరుకు చేరవేశాయి. 20 లక్షలకు పైగా జనానికి రోజుకు కనీసం 4,500 టన్నులు కావాలి. అందులో ఎక్కువ భాగం బొగ్గే. ఇక్కడ ఎవరూ కాల్చలేదు, ముఖ్యమైన తేడా అదే. రెండోది పద్ధతి. మూడు ఆకాశదారుల్లో రెండు వెళ్లడానికే, మధ్యది రావడానికే. విమానం సుమారు 10 టన్నులు మోసేది. నిమిషాల తేడాతో ఒకదాని వెనక ఒకటి దిగేవి. దిగడం తప్పితే మళ్లీ చుట్టు తిరగకూడదు, సరుకుతోనే వెనక్కి వెళ్లిపోవాలి. ఒక్కటి చుట్టు తిరిగినా వెనకున్న వరుసంతా చెదిరిపోతుంది. 1949 మే 12న దిగ్బంధం ఎత్తేసేదాకా ఇలాగే సాగింది.

భారత్‌కు ఈ యుద్ధం వల్ల ఏం మిగిలింది?

సుమారు 25 లక్షల సైన్యం, అంతా స్వచ్ఛందంగా చేరినవాళ్లే. భారత్ అందించిన సరుకులకు, సేవలకు బ్రిటన్ అప్పటికప్పుడు చెల్లించకుండా లండన్‌లో ఖాతా రాసుకుంది. యుద్ధం ముగిసేసరికి ఆ బాకీ సుమారు 130 కోట్ల పౌండ్లు. అప్పున్న దేశం అప్పిచ్చిన దేశమైంది, ఆ వెల మాత్రం ఇక్కడి జనం ధరల పెరుగుదల రూపంలో కట్టారు. స్వాతంత్ర్యం రాకముందే ఐక్యరాజ్యసమితి 51 వ్యవస్థాపక సభ్యదేశాల్లో భారత్ ఒకటి. శాన్‌ఫ్రాన్సిస్కోలో సంతకం చేసింది ఆర్కాట్ రామస్వామి మొదలియార్. ఎర్రకోటలో ఆజాద్ హింద్ అధికారుల విచారణ, 1946 ఫిబ్రవరిలో బొంబాయి నావికుల తిరుగుబాటు, సైన్యాన్ని నమ్ముకుని ఇక పాలించలేమని బ్రిటన్‌కు తెలియజెప్పాయి.

చట్టం ప్రకారం యుద్ధం ఎప్పుడు ముగిసింది?

ఒక్క తేదీ లేదు. జపాన్‌తో శాన్‌ఫ్రాన్సిస్కో సంధి 1951 సెప్టెంబరు 8న కుదిరి 1952 ఏప్రిల్ 28న అమలైంది. భారత్ అందులో సంతకం చేయకుండా, 1952 జూన్ 9న విడిగా ఒప్పందం చేసుకుంది. జర్మనీ విషయంలో తుది పరిష్కార ఒప్పందం 1990 సెప్టెంబరు 12న మాస్కోలో జరిగింది. జపాన్, సోవియట్‌లు 1956 ప్రకటనతో యుద్ధస్థితిని ముగించాయి గానీ, కురిల్ దీవుల పేచీ తెగక శాంతి సంధి మీద మాత్రం ఇప్పటికీ సంతకాలు కాలేదు.